హాల్లో రోలర్ కోస్టర్

అమెరికాలోని ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. అందులో 1975 నుంచి నడుస్తున్న స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కి దిగినవాళ్లు గుండె జారిపోయిందనే చెబుతారు. దాని వేగం గంటకు సుమారు 45 కిలోమీటర్లు, అంతే. మన రోడ్ల మీద స్కూటర్లు అంతకంటే జోరుగా పోతుంటాయి. మరి అన్ని కేకలు ఎందుకంటే, ఆ బండి చీకట్లో నడుస్తుంది. పట్టాలు కనబడవు. మలుపు ఎటు తిరుగుతుందో, పల్లం ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. మొహానికి గాలి కొడుతుంది, చెవుల్లో చప్పుడు మోగుతుంది, ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, సెలవుల్లో ఒక రోజు ఇంట్లోనే పార్కు పెడదామనుకునే అమ్మానాన్నల్లో చాలామంది టీవీలో రోలర్ కోస్టర్ వీడియో పెట్టి, పిల్లల్ని సోఫాలో కూర్చోబెట్టి, "చూడండ్రా, ఎంత బాగుందో" అని ఊరుకుంటారు. మూడో వీడియో పూర్తికాకముందే పిల్లలు లేచి వెళ్లిపోతారు. అందులో పిల్లల తప్పేమీ లేదు. వీడియో పని చెప్పేది కంటికి ఒక్కదానికే. చర్మానికి, చెవికి, నాలుకకు, కడుపులో పుట్టే గిలిగింతకు ఇంకెవరో పని చెప్పాలి. ఆ పని ఇంట్లోవాళ్లది. తెర మీద బొమ్మ ఆడుతుంటే ఆడనివ్వండి, తక్కిన పార్కంతా మన చేతులతో కట్టుకోవాల్సిందే.

కరోనా వచ్చి 2020 మార్చిలో ప్రపంచంలోని పెద్ద పార్కులు చాలావరకు మూతబడ్డప్పుడు, ఎన్నో కుటుంబాలు తమకిష్టమైన రైడ్లను ఇళ్లలోనే చేసుకున్నాయి. అట్టపెట్టెలో పాపను కూర్చోబెట్టి నాన్న తోస్తాడు. అన్నయ్య గుడ్డ కట్టుకుని సముద్రపు దొంగలా తలుపు చాటు నుంచి దూకుతాడు. అమ్మ టార్చిలైటు ఊపుతుంది. ఆ వీడియోలు చూస్తే తెలుస్తుంది, అంత నవ్వు పుట్టడానికి ఖరీదైన వస్తువేదీ అక్కర్లేదు. ఇంట్లో అందరూ ఆటలో ఉండాలి, అది మాత్రం తప్పదు.

వాల్ట్ డిస్నీ గురించి అందరూ చెప్పుకునే కథ కూడా ఇదే. లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్లిద్దరూ రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, ఆయన బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడట. పిల్లలూ పెద్దలూ కలిసి సరదాపడే చోటు ఒకటుండాలన్న ఆలోచన ఆ బెంచీ మీదే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. కాబట్టి మీరు కూడా ఆ రోజుకు ఫోటోలు తీసే మనిషిగా మిగిలిపోకండి. చొక్కా నలగనివ్వండి.

ముందు రోజు సాయంత్రం

పార్కు ఆదివారమైతే శనివారం సాయంత్రమే పని మొదలుపెట్టండి. పిల్లలు పడుకున్నాక అన్నీ రహస్యంగా సిద్ధం చేసి పొద్దున్నే ఆశ్చర్యపరుద్దామని మనకు అనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. తయారీలో ఉన్న సరదా పిల్లలకు దక్కాలి. పాత క్యాలెండరు కాగితాన్ని తిరగేసి నేల మీద పరిచి, ఇంటి మ్యాపు వాళ్లనే గీయమనండి. హాలు, పడకగది, బాల్కనీ, పెరడుంటే పెరడు. ఏ రైడ్ ఎక్కడ ఉండాలో, దాని పేరేమిటో వాళ్లే తేల్చుకోవాలి. "రాకాసి లోయ" అని పేరు పెట్టినవాడు మర్నాడు ఆ మూల దిండు ఒక్కటి కూడా ఎవర్నీ కదపనివ్వడు. రైడ్లు నాలుగైదు చాలు. పిల్లలకు నచ్చిన రైడ్ మళ్లీ మళ్లీ ఎక్కడమే ఇష్టం. పది రైడ్లు పెడితే అన్నీ ఒక్కోసారి చూసి విసుక్కుంటారు.

టికెట్ల విషయంలో నాది ఒక గట్టి అభిప్రాయం. గేటు దగ్గర ఒకే టికెట్ తీసుకుని లోపల అన్నీ ఎక్కే పద్ధతి పెద్ద పార్కులకు బాగుంటుంది. ఇంటికి మాత్రం మన ఎగ్జిబిషన్ పద్ధతే సరైనది. హైదరాబాద్ నాంపల్లిలో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్ చూడండి, గేటు టికెట్ వేరు, జెయింట్ వీల్ టికెట్ వేరు. చేతిలో ఉన్న డబ్బును దేనికి ఖర్చుపెట్టాలో పిల్లవాడు నిలబడి ఆలోచిస్తాడు. ఆ ఆలోచన కూడా ఆటే. ఇంట్లో డబ్బుల బదులు చింతగింజలు వాడండి. మనిషికి ఇరవై. రోలర్ కోస్టరుకు మూడు, రింగుల ఆటకు ఒకటి, ఇలా ధరలు పిల్లల్నే పెట్టమనండి. న్యూయార్కులోని కోనీ ఐలాండ్‌లో 1884లో లామార్కస్ థాంప్సన్ పెట్టిన తొలినాటి కోస్టరుకు ఐదు సెంట్లు తీసుకున్నాడు. 1893లో షికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెరిస్ నిలబెట్టిన 264 అడుగుల మొట్టమొదటి జెయింట్ వీల్‌కు యాభై సెంట్లు, అంటే పదింతలు. ఎక్కువ ధర ఏ రైడ్‌కు పెట్టాలన్న వాదన మీ పిల్లల మధ్య కూడా వస్తుంది, రానివ్వండి. గింజలు అయిపోయినవాళ్లు దుప్పట్లు మడతపెట్టో, అందరికీ మంచినీళ్లు అందించో మళ్లీ సంపాదించుకోవచ్చు. మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం గింజలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. అట్టముక్కల మీద రంగు వేసి ఇవ్వండి.

తలుపు చెక్క మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. "ఇంత ఎత్తున్నవాళ్లకే రాకాసి లోయ." నిజం పార్కుల్లో ఈ గీత ఉండటానికి కారణం పిల్లలకు చెప్పండి. రైడ్‌లో ఒంటిని పట్టి ఉంచే కడ్డీ, బెల్టు ఒక కొలత మనిషి కోసం చేసినవి, అంతకంటే చిన్నవాళ్లు అందులోంచి జారిపోవచ్చు. పొట్టివాళ్లను తక్కువ చేయడానికి పెట్టింది కాదని తెలిస్తే, రేపు నిజం పార్కులో గేటు దగ్గర ఏడుపు తగ్గుతుంది.

వీడియోలు కూడా ఆ రాత్రే ఎంచి పెట్టుకోవాలి. ముందు సీట్లో కెమెరా బిగించి, ఎక్కినవాడి కంటికి కనిపించినట్టే తీసినవి యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. కోస్టర్ పేరు పక్కన "పీఓవీ" అని వెతికితే దొరుకుతాయి. ఒక్కోటి రెండు మూడు నిమిషాలు. ప్రతిదాన్నీ మొదటి నుంచి చివరిదాకా మీరు ముందు చూడండి. కొన్నింట్లో వెనక సీట్లవాళ్లు నోటికొచ్చినట్టు తిడుతుంటారు, కొన్నింట్లో లైట్లు కళ్లలో కొడుతూ ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. రెండూ వద్దు. మరీ ఎత్తైనదాంతో మొదలుపెట్టకుండా చిన్న పిల్లల కోస్టర్, తర్వాత చెక్క కోస్టర్, చివర్న పెద్దది, ఆ వరుసలో పెట్టుకోండి. వీలైతే డౌన్‌లోడ్ చేసుకోండి. బండి కొండ అంచుకు చేరినప్పుడు సబ్బు ప్రకటన వస్తే ఆట అక్కడే చచ్చిపోతుంది. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటును కూడా ఆపేయండి.

బట్టల బుట్టలో మూడు నిమిషాలు

పార్కులో ప్రాణం లాంటిది రోలర్ కోస్టర్, అందుకే దీన్ని వివరంగా చెబుతాను. రోలర్ కోస్టర్లలో చాలావాటికి సొంత ఇంజను ఉండదు. ఒక గొలుసు పెట్టెలను మొదటి కొండ మీదికి లాక్కెళ్లి వదిలేస్తుంది. ఆ తర్వాత పరుగంతా ఆ ఎత్తు ఇచ్చిన ఊపే. ఎక్కేటప్పుడు టకటకమని వినిపించే చప్పుడు, బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచే కొక్కెం పళ్ల మీద పడుతుంటే వచ్చేది. ఎక్కినవాళ్లకు భయం మొదలయ్యేది పల్లంలో కాదు, ఈ చప్పుడులో. అందుకే మనం కూడా ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

పిల్లవాడు మోకాళ్లు ముడుచుకుని కూర్చోగలిగే బట్టల బుట్టో ప్లాస్టిక్ టబ్బో తీసుకోండి. టీవీకి ఆరడుగుల దూరంలో, మడతపెట్టిన బొంత మీద పెట్టండి. గది చీకటి చేయండి. మీరు బుట్ట వెనక మోకాళ్ల మీద కూర్చుని రెండు అంచులూ పట్టుకోవాలి. పక్కన ఇంకొకరు టేబుల్ ఫ్యాను స్విచ్చి దగ్గర. మరొకరి చేతిలో పెద్ద పళ్ల దువ్వెన, స్టీలు చెంచా.

బండి కొండ ఎక్కడం మొదలవగానే బుట్టను మెల్లగా వెనక్కి వంచండి. ముందు అంచు నేల నుంచి జానెడు లేస్తే చాలు, అంతకు మించి అక్కర్లేదు. చెంచాను దువ్వెన పళ్ల మీద నిదానంగా గీస్తుండాలి, టక్, టక్, టక్. శిఖరం చేరగానే చెంచా ఆగిపోవాలి. ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండకూడదు. పిల్లవాడు ఊపిరి బిగబట్టడం మీ చేతులకు తెలుస్తుంది. అప్పుడు బుట్టను ముందుకు వంచండి, అదే క్షణంలో ఫ్యాను ఫుల్లుగా తిరగాలి. ఆ క్షణం కుదిరిందా, కేక దానంతటదే వస్తుంది.

మలుపుల్లో చాలామంది బండి ఎటు తిరిగితే అటే బుట్టను వంచుతారు. అలా కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎడమకు తిరిగినప్పుడు మనం కుడి పక్కవాళ్ల మీద పడతాం కదా. బండి ఎడమకు తిరిగితే బుట్ట కుడికి ఒరగాలి. ఈ చిన్న సంగతి పట్టుకుంటే కళ్లు చూసేదీ ఒళ్లు అనుకునేదీ ఒకటై, తెర ముందు కూర్చున్న సంగతే పిల్లలు మరిచిపోతారు.

ఎక్కించే ముందు బియ్యం సంచి బుట్టలో పెట్టి ఒకసారి పూర్తిగా నడిపి చూడండి. ఏ సెకనుకు పల్లం, ఏ సెకనుకు మలుపు అని ఒక కాగితం మీద రాసి ఫ్యాను దగ్గర మనిషికి ఇవ్వండి. నీళ్ల తుంపర కావాలంటే స్ప్రే సీసాతో ఇంకో పక్క నుంచి కొట్టాలి, ఫ్యానుకూ ప్లగ్గుకూ దూరంగా. బుట్టను నేల మీద నుంచి పూర్తిగా ఎత్తవద్దు, మెట్ల దగ్గర పెట్టవద్దు, మంచం మీద అసలే వద్దు. నడుము నొప్పి ఉన్నవాళ్లు చెంచా, దువ్వెన తీసుకోండి.

ఇక క్యూ. ఇల్లే కదా, క్యూ ఎందుకని తీసేయొద్దు. కుర్చీలు వంకరటింకరగా వేసి వాటి మధ్య చున్నీలు కట్టండి. లోపల చెల్లి అరుస్తుంటే బయట నిలబడ్డ అన్నకు ఉత్సాహం ఎంత పెరుగుతుందో చూడండి. పెద్ద పార్కులవాళ్లు క్యూ నడిచే దారిని కూడా రైడ్ కథలో భాగంగా కడతారు. మీరు ఆ గోడకు పిల్లలు వేసిన రాకాసి బొమ్మలు అంటించండి. ఒకరు గేటు దగ్గర నిలబడి గొంతు మార్చి, "చేతులు బయట పెట్టకండి, దయచేసి కూర్చునే ఉండండి" అని చెప్పాలి. ఈ ఉద్యోగానికి పోటీ చాలా ఉంటుంది, వంతులు వేయండి.

చీకటి గుహ, అద్దాల గది

డైనింగ్ టేబుల్ మీద రెండు దుప్పట్లు నేల దాకా వేలాడేలా కప్పితే గుహ తయారు. ఒక చివర దూరి ఇంకో చివర రావాలి. మధ్యలో నూనె రాసిన ఉడికించిన సేమియా ఒక గిన్నెలో, పైన తడి గుడ్డ. చెయ్యి పెట్టినవాడు దాన్ని పాము అంటాడో, పేగులంటాడో వాడిష్టం. మీరు చెప్పకండి. పైనుంచి రెండు మూడు ఊలు దారాలు మొహానికి తగిలేలా వేలాడదీయండి. కంచంలో బియ్యం వేసి అటూ ఇటూ ఊపితే లోపలున్నవాళ్లకు వాన కురుస్తున్నట్టే ఉంటుంది. భయపడే పిల్లల్ని బలవంతంగా తోయొద్దు. వాళ్లను ముందు బయట నిలబెట్టి చప్పుళ్లు చేసే పని అప్పగించండి. లోపల దయ్యం లేదని, వాన చేస్తున్నది తామేనని తెలిశాక చాలామంది తామే దూరతారు. దూరకపోయినా ఫర్వాలేదు.

తిరునాళ్లలో నవ్వుల అద్దాలు ఉంటాయి కదా, అవి మన వంటింట్లోనే ఉన్నాయి. బాగా తోమిన స్టీలు గరిటెలు, చెంబులు, పళ్లేలు ఒక బల్ల మీద పేర్చి పక్కన టార్చి పెట్టండి. గరిటె గుంటలో చూసుకుంటే మొహం తలకిందులు, వెనక్కి తిప్పితే నిటారుగా, చిన్నగా. చెంబు ముందు నిలబడితే బుగ్గలు అటూ ఇటూ సాగిపోతాయి. దీనికి ఒక్క చింతగింజ కూడా తీసుకోకండి, ఉచితం అని రాసి పెట్టండి. పార్కులో ఉచితమైనది ఒకటి ఉంటే గింజలు అయిపోయినవాడికి పోవడానికి ఒక చోటుంటుంది.

గాజులు విసిరి సీసా మెడలో వేసే ఆట, ఖాళీ డబ్బాలు పేర్చి చుట్టిన మేజోడుతో కొట్టే ఆట మీకు తెలిసినవే, చెప్పక్కర్లేదు. గీత దూరం మాత్రం వయసును బట్టి మార్చండి. టాయ్ ట్రైను కూడా సులువే. నున్నటి గచ్చు మీద మందపాటి దుప్పటి పరిచి, పిల్లలు కూర్చున్నాక గది గదికీ మెల్లగా లాగడమే. కుదుపు లేకుండా లాగాలి, తల వెనక్కి పడకూడదు. విశాఖ కైలాసగిరి మీద రైలు ఎక్కి వచ్చిన పిల్లలైతే, వంటింటి తలుపు దగ్గర "సముద్రం కనిపించే చోటు" అని వాళ్లే స్టేషను పెడతారు.

ఎండాకాలమైతే బాల్కనీలోనో పెరట్లోనో టబ్బుతో నీళ్ల ఆట పెట్టవచ్చు. ఇక్కడ ఒక్క మాట కటువుగా చెప్పాలి. చిన్నపిల్లలకు కొద్దిపాటి లోతు నీళ్లు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. టబ్బు దగ్గర పెద్ద మనిషి ఒకరు ఫోను పక్కన పెట్టి కూర్చోవాలి. ఆట అయిన వెంటనే ఆ నీళ్లు మొక్కలకు పోసి టబ్బు బోర్లించాలి.

పెద్ద పిల్లల సంగతి

పదకొండు పన్నెండేళ్ల పిల్లలు బుట్టను చూసి "ఇదంతా చిన్నపిల్లల ఆట" అంటారు. వాళ్లను ఎక్కమని బతిమాలకండి. పార్కు ఇంజనీరును చేయండి. కరెంటు వైర్లు దాచే ప్లాస్టిక్ కేసింగు పట్టీలు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. లేదా దళసరి అట్టను కాలువలా మడవచ్చు. వాటితో గోడకు ఆనించి గోలీ కోస్టర్ కట్టమనండి. వలయం, అంటే గోలీ తలకిందులుగా తిరిగి వచ్చే చుట్టు పెట్టాలంటే అట్టే మేలు. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. గోలీని ఎంత ఎత్తు నుంచి వదలాలి? రాపిడి వల్ల ఊపు తగ్గదనుకుంటే, దొర్లే గోలీ వలయం పైభాగంలో పడిపోకుండా ఉండాలంటే వలయం ఎత్తుకు 1.35 రెట్ల ఎత్తు కావాలి. అడుగు ఎత్తు వలయానికి పదహారు అంగుళాలన్నమాట. అట్ట గోలీని పట్టి లాగుతుంది కాబట్టి రెండడుగుల నుంచి మొదలుపెట్టి, ఒక్కో అంగుళం తగ్గిస్తూ ఎక్కడ పడిపోతుందో చూడమనండి. మధ్యాహ్నమంతా ఇక పిలిచినా రారు.

వాళ్లకు ఈ కథ కూడా చెప్పండి. 1895లో కోనీ ఐలాండ్‌లోనే ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టరుకు గుండ్రటి వలయం పెట్టారు. అందులోకి దూసుకుపోగానే ఎక్కినవాళ్ల మెడల మీద విపరీతమైన భారం పడేది. ఆ తర్వాత చాలా దశాబ్దాలకు, 1976లో కాలిఫోర్నియాలో రివల్యూషన్ అనే కోస్టర్ వచ్చింది. దాని వలయం గుండ్రంగా కాకుండా, పైన ఇరుకుగా, కింద వెడల్పుగా నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. కింద వంపు మెల్లగా మొదలవుతుంది కాబట్టి మెడకు దెబ్బ తగలదు. ఇది విన్నాక వాళ్లు తమ అట్ట వలయాన్ని కూడా సాగదీసి చూస్తారు.

కళ్లు తిరిగితే

పెద్ద తెర ముందు, చీకటి గదిలో, బుట్టలో ఊగుతుంటే కొందరికి వికారం వస్తుంది. కళ్లు "మనం పరుగెడుతున్నాం" అంటాయి, చెవి లోపల ఒంటి తూకం చూసుకునే భాగం "కదల్లేదే" అంటుంది. రెంటికీ పొత్తు కుదరనప్పుడు కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లల్లో ఇది ఎక్కువ. వాళ్లు "వికారంగా ఉంది" అని చెప్పరు. ఆవలిస్తారు, మొహం పాలిపోతుంది, నుదురు చెమర్చుతుంది, ఊరికే ఉమ్మి మింగుతుంటారు. అప్పుడు వెంటనే ఆపి, లైటు వేసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి దూరంగా కదలకుండా ఉన్న చెట్టునో మేడనో చూడమనండి. భోజనం చేసిన గంటన్నర దాకా కోస్టర్ నడపవద్దు. ఆ వేళ అద్దాల గదికీ, గోలీలకూ, నిదానంగా సాగే వీడియోలకూ బాగుంటుంది.

కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ ఇంట్లో ఉన్నా ఈ రోజుకు బయటికి తీయకండి. మెటా కంపెనీయే తన హెడ్‌సెట్లు పదేళ్ల లోపు పిల్లలకు కాదని చెబుతోంది. అంతకంటే నాకు తోచే కారణం వేరే ఉంది. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు ఒంటరివాడైపోతాడు, మిగతా అందరూ ఖాళీగా నిలబడతారు. మనం కట్టిన పార్కుకు అది సరిపడదు. తెర లెక్క కూడా చూసుకోండి. రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం సలహా. మూడు నిమిషాల వీడియోలు ఎనిమిది నడిపినా ఇరవై నాలుగు నిమిషాలే. తక్కిన రోజంతా తెర ఆరే ఉంటుంది.

నిజం పార్కు కష్టమైన పిల్లలకు

ఈ భాగం రాయడానికే ఈ అధ్యాయం మొదలుపెట్టానని కూడా అనుకోండి. ఆటిజం ఉన్న పిల్లలున్నారు, పెద్ద చప్పుడు విన్నా జనం మీద పడ్డా తట్టుకోలేరు. చక్రాల కుర్చీలో ఉండే పిల్లలున్నారు, గుండె జబ్బుకు వైద్యం జరుగుతున్నవాళ్లున్నారు. వాళ్ల అమ్మానాన్నలు పార్కు గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చిన రోజులు ఉంటాయి. ఇంటి పార్కులో ఫ్యాను ఎంత తిరగాలో, చప్పుడు ఎంత ఉండాలో, ఎప్పుడు ఆపాలో అంతా మన చేతిలోనే ఉంటుంది. ఆటిజం ఉన్న పాపకు ఆ రోజు జరగబోయేది వరుసగా బొమ్మలు గీసి గోడకు అంటించండి. ఒకటి అయ్యాక దాని మీద టిక్కు పెట్టమనండి. వీడియో శబ్దం తీసేసి ఒక్క చెంచా చప్పుడుతో నడపవచ్చు. లైట్లు తక్కువగా, ఎవరూ పలకరించని ఒక మూల దిండ్లు వేసి ఉంచండి. అక్కడికి పోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదని ముందే చెప్పండి. చక్రాల కుర్చీలో ఉన్న బాబుకు ఆ కుర్చీయే బండి. బ్రేకులు వేసి, బెల్టు పెట్టి, కుర్చీని వంచకుండా, ఫ్యానూ తుంపరా చప్పుడూ దువ్వెనా అన్నీ వాడికి దక్కించండి. ఏది సరిపడుతుందో డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి.

తిండి కొట్టు, టికెట్ కౌంటరు

తినుబండారాల కొట్టు లేకుండా ఎగ్జిబిషన్ లేదు. ముంత మసాలా పిల్లలే కలుపుకోగలరు. మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, చిటికెడు కారం, పైన నిమ్మరసం. కాగితం పొట్లంలో పోసి ఇస్తే రుచే వేరు. పుల్ల ఐసులు శనివారం రాత్రే చిన్న స్టీలు గ్లాసుల్లో మామిడి రసం పోసి, పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెట్టేయండి. పీచుమిఠాయి కొనాలనిపిస్తే రంగు లేని తెల్లది చూసి కొనండి. రోడమైన్-బి అనే రంగు బయటపడి 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం రంగు పీచుమిఠాయిని నిషేధించింది. పాప్‌కార్న్, పల్లీలు, గుండుగా ఉన్న ద్రాక్ష నాలుగేళ్ల లోపు పిల్లలకు గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు బొప్పాయి ముక్కలు గానీ మెత్తటి బుల్లి ఇడ్లీలు గానీ పెట్టండి.

టికెట్ కౌంటరు తాతయ్యకో అమ్మమ్మకో ఇవ్వండి. కుర్చీలో కూర్చునే చేసే పని, పైగా అందరూ వాళ్ల దగ్గరికి రావాల్సిందే. చింతగింజలు లెక్కపెట్టుకుంటూ వాళ్లు తమ ఊరి తిరునాళ్లలో రంగులరాట్నం ఎవరు తిప్పేవారో చెబుతారు. అప్పట్లో చేతులతో తోసేవారని తెలిసినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలకు అంతుండదు. వాళ్లు వేరే ఊళ్లో ఉంటే ఫోను నిలబెట్టి వీడియో కాల్‌లో కౌంటరు పెట్టండి. డల్లాస్‌లో ఉన్న మనవరాలు ఎండాకాలంలో శనివారం రాత్రి ఎనిమిదింటికి గేటు తెరిస్తే విజయవాడలో అమ్మమ్మకు ఆదివారం పొద్దున ఆరున్నర, కాఫీ తాగి కూర్చునే వేళే. "అమ్మమ్మా, రాకాసి లోయకు రెండు టికెట్లు" అని అక్కడి నుంచి అడిగితే, "పెద్దవాళ్లు వెంట ఉన్నారా అమ్మా?" అని ఇక్కడి నుంచి అడగాలి.

చీకటి పడ్డాక

డిస్నీల్యాండ్‌లో 1972లో దీపాలతో ఒక ఊరేగింపు మొదలుపెట్టారు, అది ప్రపంచమంతా పేరుకెక్కింది. మనకు అంతకంటే పాతదే ఉంది. శివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు ఊళ్లవాళ్లు తెచ్చే ప్రభలు, విద్యుద్దీపాలతో మేడలంత ఎత్తున కదిలి వస్తాయి. కనుమకు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. పెద్ద అట్టను పైన గుండ్రంగా కత్తిరించి, రంగు కాగితాలు అంటించి, బ్యాటరీతో వెలిగే చిన్న దీపాల దండ చుట్టండి. రెండు కర్రల మీద నిలబెట్టి పిల్లలు భుజాలకెత్తుకుంటే ఇంటి ప్రభ తయారు. లైట్లన్నీ ఆర్పి గది గదికీ తిప్పండి. పళ్లెం, గరిటె వాయించేవాళ్లు ముందు నడవాలి. అపార్ట్‌మెంటైతే ఎనిమిదిలోపే ముగించండి, పక్కింటి పిల్లల్ని కూడా పిలవండి.

పార్కు మూయడానికి గంట ముందే చెప్పండి, మళ్లీ పావుగంట ముందు, ఆఖరి రైడ్‌కు ముందు ఇంకోసారి. ఒక్కసారిగా స్విచ్చి ఆపేస్తే రోజంతా నవ్వినవాడు కూడా ఏడుస్తాడు. విప్పడం, సర్దడం కూడా వాళ్లతోనే. సేమియా పారేయాలి, చున్నీలు ఉతుకులోకి, అట్టలూ దీపాల దండా చింతగింజలూ ఒక పెట్టెలోకి. పెట్టె మూసే ముందు మ్యాపు వెనక రెండు సంగతులు రాయించండి. వచ్చేసారి ఏ రైడ్ తీసేయాలి, కొత్తగా ఏది పెట్టాలి. రాసినదాని కింద అందరూ సంతకాలు చేశాక, ఈసారి గేటు దగ్గర ఆఖరి వంతు వచ్చిన పిల్లవాడికి ఆ పెట్టె అప్పజెప్పండి. తర్వాతి పార్కుకు మేనేజరు వాడే, ఆ రోజు ఏ పని చేయాలో వాడు మీకు చెబుతాడు.